సాయిబుగారి హాలు వేలానికి వచ్చిన వేసవి

ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని మా హాలు కొలవడానికి వచ్చినప్పుడు నేను ఆడపిల్లలకు కాజాలు కుట్టడం నేర్పుతున్నాను. మరమ్మతులకు వచ్చారనుకున్నాను. వెనక వరండా రేకులు కారుతున్నాయని రెండేళ్ళుగా వార్డు సచివాలయంలో అర్జీలు ఇస్తూనే ఉన్నాం. అందుకని మిషన్లు ఆపించి, వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, కారే చోటు చూపించబోయాను. వాళ్ళలో పెద్దవాడు తలెత్తి చూడను కూడా చూడలేదు.

"రేకుల సంగతి మాకు తెలవదమ్మా. పొడవు, వెడల్పు రాసుకు రమ్మన్నారు," అన్నాడు.

"దేనికండీ?"

"వాల్యుయేషనుకి."

వెళ్ళేముందు రెండో అతను గుమ్మం పక్కన గోడ మీద ఎర్ర రంగుతో ఒక అంకె వేసి, దాని చుట్టూ గీత గీశాడు. నా దగ్గర నేర్చుకునే పిల్లలు నా మొహంలోకి చూశారు. నేను ఏమీ లేదన్నట్టు తల ఊపి, కాజా ఎక్కడ ఆపామో అక్కడినుంచి మళ్ళీ మొదలుపెట్టించాను. ఆ మధ్యాహ్నం సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది.

మాది పల్నాటి మెట్ట అంచున ఉన్న చిన్న పట్టణం. వినుకొండ వైపు నుంచి వచ్చే పత్తి లారీలూ, గుంటూరు వెళ్ళే మిరపకాయల లారీలూ మా మెయిన్ రోడ్డు మీదే ఎదురుపడతాయి. మా పేటలో సగం మంది ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళతారు. ఊరి బయట కోల్డ్ స్టోరేజీల పక్కన షెడ్లుంటాయి. అక్కడ కాయల కుప్పల మధ్య పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చోవాలి. చంటిపిల్లల్ని ఆ ఘాటులోకి తీసుకెళ్ళలేరు. అందుకని సీజను నాలుగు నెలలూ వాళ్ళ పిల్లలు మా హాల్లో ఉంటారు. ఒకవైపు చాపల మీద పిల్లలు, ఒకవైపు నా తొమ్మిది కుట్టుమిషన్లు. సాయంత్రం తల్లులు వచ్చి, పిల్లల్ని ముట్టుకోకముందు పంపు దగ్గర చేతులు కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని, ఇంకా మండుతుంటే చేతుల్ని కాసేపు నాపరాళ్ళ గచ్చు మీద ఆనించి కూర్చుంటారు. ఆ గచ్చు మే నెలలో కూడా చల్లగా ఉంటుంది.

మున్సిపాలిటీ కాగితాల్లో దాని పేరు సామాజిక భవనం. మా పేటలో మాత్రం ఎవరూ అలా అనరు. సాయిబుగారి హాలు అంటారు. ఏ సాయిబుగారో నాకు తెలియదు. పెళ్ళై ఈ పేటకి వచ్చిన కొత్తలో మా అత్తగారు అలాగే అనేవారు, నాకూ అదే అలవాటైంది. పెద్ద ఫంక్షన్ హాళ్ళు అందుబాటులో లేనివాళ్ళ పెళ్ళి భోజనాలు అక్కడే. మా చర్చి వాళ్ళ క్రిస్మస్ విందూ అక్కడే, రంజాన్ నెలలో ఇఫ్తారూ అక్కడే. తుఫాను వస్తే కాలువ గట్టు మీది గుడిసెల వాళ్ళంతా అక్కడే పడుకునేవాళ్ళు. మా అత్తగారు పోయినప్పుడు వచ్చిన చుట్టాలకు నేను అన్నం పెట్టింది కూడా ఆ వరండాలోనే.

ఆ సాయంత్రం మా ఆయనకు టీ ఇస్తూ, "హాలు కొలుచుకుపోయారు. వాల్యుయేషన్ అంటున్నారు. ఏంటది?" అని అడిగాను.

మా ఆయన మున్సిపల్ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. పర్మనెంటు కాదు, అవుట్‌సోర్సింగ్. ఏటా మార్చి వచ్చేసరికి కాంట్రాక్టు పొడిగిస్తారో లేదోనని ఇంట్లో అందరం నెమ్మదిగా మాట్లాడుకుంటాం.

"ఏదో సర్వేలే. అన్ని బిల్డింగులూ కొలుస్తున్నారు," అన్నాడు. టీ సగంలో వదిలేసి బండి తుడవడానికి బయటికి వెళ్ళాడు. బండి పొద్దున్నే తుడిచాడు. అది నేను చూశాను, కానీ ఆ పూట దాని గురించి ఆలోచించలేదు.

మరో పది రోజులకు మా పేట ముఠా మేస్త్రి పేపరు ముక్క పట్టుకుని వచ్చింది. షెడ్లకు ఆడవాళ్ళను కూడగట్టి ఆటోల్లో తీసుకెళ్ళేది ఆవిడే. నాకంటే పదేళ్ళు పెద్దది. అక్కా అంటాను. గొంతు పెద్దది, చదువు రాదు. షెడ్డులో గుమాస్తా చదివి పారేసిన పేపర్లో మా పేట పేరు ఎవరో గుర్తుపట్టారట.

"టీచరమ్మా, ఇదేందో సూడు. మన హాలు అమ్ముతున్నారంట గదా."

వేలం ప్రకటన అది. పాత బస్టాండు దగ్గర కొత్త షాపింగ్ కాంప్లెక్సు, దానికి ఆనుకుని పార్కింగు, రోడ్ల వెడల్పు. ఈ అభివృద్ధి పనుల నిధుల కోసం మున్సిపాలిటీకి చెందిన ఐదు భవనాలు స్థలంతో సహా బహిరంగ వేలం వేస్తారు. అభ్యంతరాలున్నవారు పదిహేను రోజుల్లోగా తగిన ఆధారాలతో రాతపూర్వకంగా తెలపాలి. ఐదింటిలో మూడోది మాది. నేను పైకి చదువుతూ అక్కడికి వచ్చి ఆగిపోయాను.

అందులో 'సామాజీక భవనము' అని ఉంది. 'జి'కి దీర్ఘం. మా పెళ్ళైనప్పటినుంచి ఆ దీర్ఘం తీసెయ్యమని మా ఆయనకు చెబుతూనే ఉన్నాను. మా పిల్ల హోంవర్కులో కూడా అలాగే రాసిచ్చి దానికి మార్కులు పోగొట్టాడు. ఆ ప్రకటన టైపు చేసింది ఎవరో నాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఏందమ్మా ఆపావు? ఇంకేం రాశారు?" అంది అక్క.

"ఇంతే అక్కా," అన్నాను.

ఆరోజు ఆయన ఇంటికి రాగానే పేపరు ముక్క ముందు పెట్టి, ఆ మాట మీద వేలు పెట్టి చూపించాను. ఆయన ఆ ముక్కను తిప్పి బోర్లా పెట్టాడు. "టైపు చేసేవాణ్ణి నేను. తీర్మానం చేసేవాణ్ణి కాదు," అన్నాడు.

"ఎప్పుడు చేశారు?"

"కొలతలకు రాకముందే."

"నేనడిగితే సర్వే అన్నారు."

"చెబితే ఏం చేసేదానివి? పేటంతా చెప్పేదానివి. ముందుగా బయటపెట్టింది ఎవరని అడిగితే నా మీదికే కదా వచ్చేది? మార్చి ముందుంది. పిల్ల ఇంటర్ పూర్తి కాలేదు." గొంతు తగ్గించి అన్నాడు, గోడ అవతల ఎవరో వింటున్నట్టు. "అర్జీ పెట్టుకోమను. అందరూ పెట్టుకుంటారు. నీ సంతకం మాత్రం పెట్టొద్దు. అంతే నేను అడిగేది."

ఆయన మీద కోపం వచ్చింది నిజమే. కానీ ఆయన భయం నాకు తెలియనిది కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ భయంతోనే నేనూ సంసారం చేశాను. ఏ ఆఫీసరు మారినా, ఏ పార్టీ గెలిచినా ముందుగా మా ఇంట్లో దడ పుట్టేది.

మూడు రోజులకు కౌన్సిలరుగారి భర్త హాలుకి వచ్చారు. గెలిచింది ఆవిడే అయినా తిరిగేదీ మాట్లాడేదీ ఆయనే. అందరూ ఆయన్నే కౌన్సిలరుగారూ అని పిలుస్తారు. ఆడవాళ్ళంతా పని నుంచి అలాగే వచ్చి, ఎర్రటి దుమ్ము పట్టిన చీరలతో గచ్చు మీద కూర్చున్నారు. ఆయనకు తుమ్ములు ఆగలేదు. రుమాలు ముక్కుకు పెట్టుకునే మాట్లాడారు.

"ఎవరూ కంగారు పడబాకండి. ఊరు బాగుపడాలా వద్దా? కొత్త కాంప్లెక్సులో రెండో అంతస్తులో మీకంటూ ఒక రూము ఇప్పిస్తా. టైల్స్ వేసుంటై, ఫ్యాన్లుంటై. ఈ రేకుల కొంప కన్నా బాగుండదూ?"

"మెట్లెక్కి చంటిపిల్లల్ని ఎట్టా తీసుకుపోవాలయ్యా?" అంది అక్క. "అది ఇక్కడికి రెండు కిలోమీటర్లుంది. మేం ఆరింటికల్లా ఆటో ఎక్కాలి. అక్కడ తలుపు ఎవరు తీస్తారు?"

"అదంతా చూద్దాం."

"పంపుంటదా?"

"అన్నీ ఉంటాయమ్మా."

"కాగితం మీద రాసిస్తారా?"

ఆయన నవ్వి, "నా మాట మీద నమ్మకం లేదా?" అన్నారు. వెళుతూ వెళుతూ నా మిషను దగ్గర ఆగారు. గుడ్డ అంచు పట్టుకుని చూసి, "బాగా కుడుతున్నారే పిల్లలు," అన్నారు. తర్వాత, "మీ వారు మన ఆఫీసులోనే గదమ్మా. మంచి మనిషి. ఆయన గురించి కమిషనర్ గారికి నేనే చెబుతుంటా," అన్నారు.

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా ఆయన పట్టుకున్న ఆ గుడ్డ విప్పించి మళ్ళీ కుట్టించాను.

అక్క మర్నాడు అర్జీ రాయించుకు వెళ్ళింది. రాసింది నేనే. దస్తూరి గుర్తుపడతారేమోనని నాకు మామూలుగా లేని గుండ్రటి అక్షరాలతో రాశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. డెబ్బైమంది దాకా సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. కాగితం నా దగ్గరికి వచ్చినప్పుడు ఇంకుప్యాడు మూత పెట్టి పక్కకు జరిపాను. అక్క చూసింది. ఏదైనా అని ఉంటే బాగుండేది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆఫీసులో ఆ అర్జీ తీసుకున్న గుమాస్తా చదివి, "ఇందులో ఆధారమేదమ్మా? స్థలం మున్సిపాలిటీదని రికార్డులో ఉంది. కాదంటే కాగితం తీసుకురండి. కాగితం లేకుండా కష్టసుఖాలు రాస్తే ఫైలు కదలదు," అన్నాడట.

అప్పటికి ఎనిమిది రోజులు మిగిలాయి.

సాయిబుగారు ఎవరో అప్పుడు వెతకడం మొదలుపెట్టాం. మసీదు సందులో అత్తరు కొట్టు పెట్టుకున్న ముసలాయన చెప్పాడు. సాయిబుగారు పొగాకు, మిరపకాయల వ్యాపారం చేసేవాడట. పేటలో నీటి వసతి లేని రోజుల్లో ముందు బావి తవ్వించి, తర్వాత ఆ స్థలం మున్సిపాలిటీకి రాసిచ్చాడట. కొడుకులు లేరు. ఒక్కతే కూతురు. ఆవిడ ఇప్పుడు తాడేపల్లిలో తన కూతురి దగ్గర ఉంటోంది. ఆ ముసలాయనే ఫోన్ చేసి మా గురించి చెప్పి, అడ్రసు రాసిచ్చాడు.

ఆదివారం చర్చి మానేసి అక్కతో కలిసి బస్సెక్కాను. సంతకం పెట్టనిదాన్ని, ఆ మాత్రం చెయ్యాలనిపించింది. ఇంట్లో మాత్రం బెజవాడలో గుడ్డలు కొనడానికి వెళుతున్నానని చెప్పాను. ఆయన నమ్మాడో లేదో తెలియదు. జాగ్రత్త అన్నాడు.

తాడేపల్లిలో వాళ్ళది కొత్త అపార్టుమెంటు. మూడో అంతస్తు. పెద్దావిడకు ఎనభై దాటి ఉంటాయి. తెల్లని ఓణీ తల మీదుగా కప్పుకుని, మంచం మీద కూర్చుని ఉంది. మేం ఏ పేట నుంచి వచ్చామో చెప్పగానే, "పంపు పక్కన బాదం చెట్టు ఉందా?" అని అడిగింది. లేదన్నాను. "కొట్టేశారా," అంది.

ఆవిడ కూతురు చాయ్ తెచ్చింది. విషయమంతా అక్క చెప్పింది, నేను పేపరు ముక్క చూపించాను. పెద్దావిడ కూతుర్ని పిలిచి బీరువా తెరిపించింది. ఒక ప్లాస్టిక్ కవర్లో, పెళ్ళి ఫొటోల కింద, దానపత్రం ఉంది. స్టాంపు కాగితాలు గోధుమరంగుకు తిరిగాయి. నేనే చదివాను. పాతకాలపు దస్తావేజు భాష, వాక్యం ఎక్కడా ఆగదు. కానీ మూడో పేజీలో ఉన్నది నాకు స్పష్టంగా అర్థమైంది. ఆ స్థలం పేటలోని స్త్రీల, పిల్లల ఉపయోగానికి మాత్రమే ఇచ్చాడు. మరే విధంగా వాడినా, అమ్మి పరాధీనం చేసినా, స్థలం తిరిగి తన వారసులకు చెందుతుందని రాయించాడు.

అక్క నా భుజం గట్టిగా పట్టుకుంది. "ఇక అమ్మలేరు గదా?"

అప్పటిదాకా సోఫాలో ఫోన్ చూసుకుంటున్న ఆవిడ అల్లుడు లేచి వచ్చాడు. స్థలాలు అమ్మించే వ్యాపారం ఆయనది. నా చేతిలోంచి కాగితం తీసుకుని ఆ పేరా రెండుసార్లు చదివాడు.

"అంటే వాళ్ళు అమ్మడానికి పెట్టారు కాబట్టి స్థలం ఇప్పుడు మాదే అన్నమాట," అన్నాడు. "మెయిన్ రోడ్డుకి ఎంత దూరమండీ అది?"

నేను చెప్పలేదు. అక్కే అమాయకంగా, "రోడ్డు మీదే బాబూ," అంది.

పెద్దావిడ చెయ్యి చాపింది. అల్లుడు కాగితం ఇచ్చాడు. ఆవిడ దాన్ని మడిచి కవర్లో పెట్టి, కవరు దిండు కింద పెట్టుకుంది.

"నేను ఆలోచించుకోవాలమ్మా," అంది. "వెళ్ళి రండి. భోంచేసి వెళ్ళండి."

తిన్నాం. ఏం తిన్నామో గుర్తులేదు. తిరుగు బస్సు గుంటూరు దాటింది. అక్క నా వైపు తిరిగి, "మనం పోకపోతేనే బాగుండేదా టీచరమ్మా?" అంది. నేనూ అదే ఆలోచిస్తున్నాను. మున్సిపాలిటీతో అయితే పోట్లాడటానికి ఒక ఆఫీసు ఉంది, ఒక కిటికీ ఉంది. ఇప్పుడు మేమే వెళ్ళి హాలుకి ఇంకో హక్కుదారుణ్ణి లేపి వచ్చాం. కిటికీ అవతల పత్తి తీసేసిన చేలల్లో ఎండు కంపలు పీకి కుప్పలు వేసి ఉన్నాయి. వాటిని చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపటికీ మా ఊరు రాలేదనిపించింది.

బుధవారం ఆ అల్లుడు కారులో మా పేటకి వచ్చాడు. లోపలికి రాలేదు. హాలు చుట్టూ నడిచి, ఫోన్‌తో ఫొటోలు తీసుకుని, ఎదురుగా టీ బంకు వాడితో మాట్లాడి వెళ్ళాడు. ఆరోజు షెడ్ల నుంచి వచ్చిన ఆడవాళ్ళకు ఆ వార్త నాకంటే ముందే చేరింది. ఒకావిడ నన్ను సూటిగా అడిగింది. "నువ్వే పోయి చెప్పొచ్చావంట గదా టీచరమ్మా?" పక్కనున్న ఆవిడ, "మీ ఆయన ఆఫీసోడేనాయె," అంది. పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళిపోయారు. అక్క వాళ్ళ వెనకే వెళ్ళి ఏదో గట్టిగా అరిచింది గానీ, నేను మిషను ముందే కూర్చుండిపోయాను.

ఇంటికి వెళ్ళి మా ఆయనకు అంతా చెప్పేశాను. తాడేపల్లి ప్రయాణం, దానపత్రం, అల్లుడు, నా గుండ్రటి అక్షరాలు, అన్నీ. దాచుకుని మోయడం ఇక నావల్ల కాలేదు. ఆయన తిడతాడనుకున్నాను. గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"రిజిస్టరైన దస్తావేజేనా?" అన్నాడు.

"స్టాంపులూ ముద్రలూ ఉన్నాయి."

"నంబరు చూశావా?"

చూశాను. అలవాటు. ఎవరి కొలతలైనా ఒకసారి చూస్తే గుర్తుంటాయి. బస్సెక్కగానే నా కొలతల పుస్తకంలో దస్తావేజు నంబరు, సంవత్సరం రాసిపెట్టుకున్నాను కూడా. ఆ పుస్తకం తెచ్చిచ్చాను.

"అయితే ఒరిజినల్ వాళ్ళు ఇవ్వనక్కర్లేదు. రిజిస్ట్రారాఫీసులో నకలు దొరుకుతుంది," అన్నాడు.

"నకలు పెడితే స్థలం వాళ్ళకు పోతుందేమో."

"పెట్టకపోతే వేలంలో ఎట్లాగూ పోతుంది. పెడితే వేలం ఆగుతుంది. తర్వాత సంగతి తర్వాత." ఆగి, "నకలుకి అప్లికేషన్ మీద పేరు రాయాలి," అన్నాడు.

"నాది రాస్తాను."

"రేపు నీకు క్లాసుంది. నేనే వెళతా."

ఆయన సెలవు పెట్టి వెళ్ళి, రెండు రోజులు ఆ ఆఫీసు బల్ల మీద కూర్చుని నకలు తెచ్చాడు. దాని మీద దరఖాస్తుదారుగా ఆయన పూర్తి పేరు అచ్చైంది. ఆ కాగితం మున్సిపల్ ఆఫీసులో ఆయన పక్క సీటు గుమాస్తా టేబుల్ మీదికే వెళ్ళాలి. మా ఇద్దరికీ అది తెలుసు. కొత్త అభ్యంతర పత్రం నా మామూలు దస్తూరితో రాసి, మొదటి సంతకం నేను పెట్టాను. గడువుకు ఒకరోజు ముందు అక్క చేతికి ఇచ్చాను. ఆవిడ సంతకం కేసి చూసి, "ఏది నీ పేరు?" అని అడిగింది. చూపించాను. వేలితో ఒకసారి తడిమి, నా వంక చూసి తల ఊపింది.

విచారణకు మంగళవారం ఉదయం పిలిచారు. కమిషనర్ గారి గది బయట వరండాలో ఐదు భవనాల తాలూకు జనం ఉన్నారు. మా పేట నుంచి ఇరవైమంది ఆడవాళ్ళు ఆ రోజు కూలి వదులుకుని వచ్చారు. పక్కన ఎల్లమ్మ గుడి పేట వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ హాలూ జాబితాలో ఉంది. మా ఆయన లోపల తన సీట్లోనే ఉన్నాడు. అద్దంలోంచి వీపు కనిపిస్తోంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

మమ్మల్ని పిలిచేముందు మెట్ల దగ్గర కారు ఆగింది. అల్లుడు దిగాడు. చేతిలో ఫైలు. అక్క నా చెయ్యి పట్టుకుంది. అల్లుడి వెనక అతని భార్య, ఆమె చెయ్యి పట్టుకుని పెద్దావిడ దిగారు. మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. మమ్మల్ని చూసి కూడా పలకరించలేదు. లోపల ఏం మాట్లాడాలో అనుకున్నదంతా మరిచిపోయాను.

కమిషనర్ గారు నడివయసు మనిషి. నకలు చదివారు. "ఈ షరతు మా రికార్డులో లేదే," అన్నారు గుమాస్తాతో. గుమాస్తా నేల చూశాడు. అల్లుడు ముందుకు వచ్చి, "సార్, అమ్మకానికి ప్రకటన ఇచ్చారు కాబట్టి షరతు ఉల్లంఘన జరిగిపోయినట్టే. వారసురాలు మా అత్తగారు. స్వాధీనం మాకు ఇప్పించాలని..." అంటున్నాడు.

"నువ్వు ఆగు నాయనా," అంది పెద్దావిడ.

కుర్చీ వేయించారు. ఆవిడ కూర్చుని ఊపిరి తీసుకుంది.

"అయ్యా, మా నాన్నగారు ఇచ్చిన స్థలం. మీరు అమ్మితే నాకొస్తదని రాసుంది. ఈ పిల్లలు వచ్చి చెప్పినకాడినుంచి నాకు నిద్ర లేదు. ఆశ పుట్టలేదంటే అబద్ధం. నా మనవరాలు పెళ్ళికుంది. మా అల్లుడు చెప్పేదీ ఆ పిల్ల కోసమే. కానీ మా నాన్న నాకియ్యాలనుకుంటే నాకే ఇచ్చేవాడు గదా. నాకు ఇవ్వాల్సింది నాకిచ్చాడు. ఇది వాళ్ళకిచ్చాడు. మీరు అమ్మబాకండి. మీరు అమ్మకపోతే అది నాకు రాదు. నాకు రాకుండా ఉండాలనే ఇంత దూరం వచ్చా."

అల్లుడు ఏదో అనబోతే భార్య అతని మోచెయ్యి పట్టుకుంది. కమిషనర్ గారు ఆవిడ మాటలు వాంగ్మూలంగా రాయించారు. ఆవిడ ముందు ఉర్దూలో, కింద తెలుగులో సంతకం చేసింది. న్యాయ సలహా వచ్చేవరకు మూడో నంబరు భవనాన్ని వేలం నుంచి మినహాయిస్తున్నట్టు చెప్పారు. అది టైపు చెయ్యమని మా ఆయన్నే పిలిచారు. ఆయన మా అందరి ముందు నిలబడి, తలొంచుకుని, చెప్పింది రాసుకుని వెళ్ళాడు.

బయటికి వచ్చాక మా ఆడవాళ్ళు పెద్దావిడ చుట్టూ మూగారు. ఆవిడ చేతులు పట్టుకోబోయి, తమ చేతులకు మిరపకాయ ఘాటు ఉంటుందని వెనక్కి తీసుకున్నారు. ఆవిడే అక్క చెయ్యి అందుకుంది. "నేనున్నన్నాళ్ళు ఏం కాదు. తర్వాత సంగతి మీరు చూసుకోవాలి," అంది. అక్కను అడిగి కారు హాలు మీదుగా పోనిచ్చింది గానీ దిగలేదు. మోకాళ్ళు నొప్పులన్నది.

మార్చిలో మా ఆయన కాంట్రాక్టు పొడిగించారు. సీటు మార్చారు. ఇప్పుడు ఆయన పని ఊరి బయట చెత్త డంపింగ్ యార్డు గేటు దగ్గర, వచ్చే బళ్ళు రాసుకోవడం. ఎవరూ కారణం చెప్పలేదు. ఆయనా అడగలేదు. సాయంత్రం ఇంటికి రాగానే స్నానం చేసి గానీ గుమ్మం దాటడు. ఒకసారి నేను, "నావల్లే కదా," అంటే, "నా పేరు నేనే రాసుకున్నా," అన్నాడు. వచ్చే మార్చి గురించి ఇద్దరం విడివిడిగా ఆలోచిస్తుంటాం.

న్యాయ సలహా ఇంకా రాలేదు. పెద్దావిడకు ఈమధ్య ఆరోగ్యం బాగాలేదని అత్తరు కొట్టు ముసలాయన చెప్పాడు. ఆ మాట విన్నప్పటినుంచి మా పేట ఆడవాళ్ళు చర్చిలోనూ, మసీదు గుమ్మంలోనూ, ఎల్లమ్మ దగ్గరా ఆవిడ పేరు చెప్పి మొక్కుకుంటున్నారు. ఆవిడ మీద ప్రేమ ఎంతో, హాలు మీద భయం ఎంతో నేను విడదీసి చెప్పలేను.

మిగతా నాలుగూ అమ్ముడుపోయాయి. ఎల్లమ్మ గుడి పేట హాలు మే నెలలోనే పడగొట్టారు. ఆ పేట తల్లులు ఒకరోజు పొద్దున్నే పిల్లల్ని ఎత్తుకుని మా గుమ్మంలోకి వచ్చారు. వాళ్ళలో ఒకావిడ లోపలికి రాకుండా వాకిట్లోనే ఆగి నాతో అంది, "మేమూ అర్జీ పెట్టాం. మీలాగే డెబ్బైమందిమి సంతకాలు పెట్టాం. మీకు కాగితం దొరికింది, మాకు లేదు. అంతేగా తేడా?"

ఆవిడ కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. లోపల పిల్లలు అప్పటికే చాపల మీద ఇరుక్కుని కూర్చున్నారు. అక్క వచ్చి, రెండు మిషన్లను వరండాలోకి, ఆ కారే రేకుల కిందికే జరపమంది. నేనూ నా దగ్గర నేర్చుకునే పిల్లలూ కలిసి వాటిని జరిపాం. ఖాళీ అయిన చోట నాపరాళ్ళు తుడిచి, ఇంటి నుంచి తెచ్చిన పాత దుప్పటి పరిచాను. వాకిట్లో ఆగిన ఆవిడ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. పిల్లను దుప్పటి మీద దించి, ఆటో వెళ్ళిపోతుందని పరిగెత్తింది.